ఏడేళ్లు వాడిన రైజెన్ సిస్టమ్: కొత్త ప్రాసెసర్ కోసం ఆగిందెంత, ఆగకుండా బాగుపడిందెంత

మాది కావలి, నేనూ మా తమ్ముడూ కలిసి పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు చేస్తాం. ఇప్పుడు నేను కూర్చునే సిస్టమ్ 2019 మొదట్లో కొన్నది. పినాకిని రైల్లో చెన్నై పొయ్యి, రిచీ స్ట్రీట్‌లో పార్టులు ఏరుకొని, మదర్‌బోర్డు డబ్బా ఒళ్లో పెట్టుకొని తెచ్చుకున్నా. ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, రెండు 8 జీబీ ర్యాములు, జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు. ఏడేళ్లయింది, ఆ బోర్డూ ఆ క్యాబినెట్టూ ఇప్పటికీ అవే. చాలామంది తమ్ముళ్లు "అన్నా, ఇప్పుడు కొనమంటావా, కొత్త ప్రాసెసర్లు వచ్చేదాకా ఆగమంటావా" అని అడుగుతా ఉంటారు, అందుకని నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మొదటి రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఫుల్ హెచ్‌డీ ఫుటేజీ, రెండు కెమెరాలు, హాయిగా నడిచింది. 2021లో 4కే షూట్ చెయ్యడం మొదలుపెట్టాక నత్తనడక మొదలైంది, టైమ్‌లైన్ మీద ప్లే నొక్కితే బొమ్మ ఆగి ఆగి కదిలేది. అప్పుడే మార్చాల్సింది. కానీ షాపులో అడిగితే రెండు నెలలు ఆగండి కొత్త జనరేషన్ వస్తోంది అన్నారు, ఆ రెండు నెలలు అయ్యాక డీడీఆర్5 అనే కొత్త రకం ర్యాము వస్తోంది అన్నారు, సరే అదీ చూద్దాం అని ఆగా. ఆ ఏడాది గ్రాఫిక్స్ కార్డులు అసలు దొరకలేదు, దొరికినా క్రిప్టో కరెన్సీ మైనింగ్ వాళ్ల దెబ్బకి రెట్టింపు రేటు. 2022 సెప్టెంబర్‌లో ఏఎమ్5 అనే కొత్త సాకెట్‌తో (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) రైజెన్ 7000 వచ్చింది, తీరా చూస్తే దానికి డీడీఆర్5 ఒక్కటే పనిచేస్తుంది, అంటే బోర్డు, ర్యాము, ప్రాసెసర్ మూడూ కొత్తవి కొనాలి. రెండు సీజన్లు ఆగి ఆగి నేను పోగొట్టుకున్నది నిద్ర. మాఘమాసంలో పెళ్లి మీద పెళ్లి ఉంటే రాత్రి ఎక్స్‌పోర్ట్ పెట్టి తెల్లారుజామున లేచి చూసుకొనేవాణ్ణి, మధ్యలో ఎర్రర్ కొట్టి ఆగిపోయుంటే ఆ రోజు ఇంక అంతే, పెళ్లివాళ్లు ఫోన్ మీద ఫోన్.

చివరికి 2023లో మూఢం పడి పెళ్లిళ్లు లేని రోజులు చూసుకొని, కొత్త సాకెట్ ఆశ వదులుకొని, పాత బోర్డు మీదే రైజెన్ 7 5700ఎక్స్ వేశా. నా బీ450 లాంటి ఏఎమ్4 సాకెట్ బోర్డుల గొప్పతనం ఇదే, 2018 బోర్డులో 2022 ప్రాసెసర్ కూర్చుంటుంది, కాకపోతే బయాస్ (బోర్డు లోపలుండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్యాలి. అది కూడా పాత ప్రాసెసర్ ఉండగానే చెయ్యాలి, లేకపోతే కొత్తది పెట్టాక బోర్డు దాన్ని గుర్తుపట్టదు. మా ఏరియాలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, అప్‌డేట్ మధ్యలో పోతే బోర్డు పోయినట్టే, అందుకని ముందు రోజే యూపీఎస్ బ్యాటరీ కొత్తది వేయించుకొని అప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టా.

బయాస్ బాగానే అయింది, కూలర్ దగ్గర ప్రాణం పోయినంత పనైంది. వేడి దాటడానికి ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్టు నాలుగేళ్లకి ఎండిపోయి బంక పట్టినట్టు పట్టేసుంది. సాకెట్ లివర్ లాక్‌లోనే ఉంది, అయినా కూలర్ పైకి లాగేసరికి ప్రాసెసర్ సాకెట్లోంచి ఊడి కూలర్‌కే అంటుకొని వచ్చేసింది. లైటు కింద ఏటవాలుగా పట్టుకొని చూస్తే ఒక మూల రెండు పిన్నులు పక్కకి ఒంగున్నాయి. కొత్త షేవింగ్ బ్లేడు తెచ్చి పిన్నుల వరసల మధ్యలో దూర్చి, ఊపిరి బిగబట్టి రొంత రొంతగా నిలబెట్టా, అరగంట పట్టింది. మీరు గనక ఏఎమ్4 సిస్టమ్‌లో కూలర్ తీసేటట్టయితే, ముందు పది పదిహేను నిమిషాలు ఏదన్నా బరువైన పని నడిపి పేస్టు వేడెక్కనివ్వండి, తర్వాత ఆఫ్ చేసి కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతా తియ్యండి, నిలువునా మాత్రం లాగొద్దు. ఏఎమ్5లో పిన్నులు బోర్డు వైపుకి మార్చేశారు కాబట్టి ప్రాసెసర్‌కి ఈ గండం లేదు, కానీ సాకెట్ పిన్నులు వంగితే బోర్డే పోతుంది, అదీ గుర్తుపెట్టుకోండి.

ఇంకో మాట, 5700ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు. నేను టవర్ కూలర్ ఒకటి విడిగా కొన్నా, మంచి పని అయింది. పాత 2600కి డబ్బాలో వచ్చిన చిన్న కూలర్‌తో మే నెలలో ఎక్స్‌పోర్ట్ పెడితే 85 డిగ్రీలు దాటేది, ఇప్పుడు ఎనిమిది కోర్లు నడిచినా 70ల్లోనే ఉంటోంది. రెండున్నర గంటల పెళ్లి వీడియో అంతకు ముందు నాలుగు గంటలు తీసుకొనేది, రెండు గంటల పైచిలుకులో అయిపోతోంది. రెండు ర్యాములూ తీసేసి 32 జీబీ వేసింది కూడా అప్పుడే.

ఇక్కడితో అయిపోలేదు. 2024లో కెమెరా సోనీ ఏ7 ఫోర్‌కి మారాం, రంగుల వివరం ఎక్కువుండే 10 బిట్ 4:2:2 రకంలో తియ్యడం మొదలుపెట్టాం, పెళ్లికూతురి చీర రంగు, తలంబ్రాల పసుపు దిద్దుకోవడానికి అది చాలా పనికొస్తుంది. సిస్టమ్ మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి, ఈ రకం ఫైల్‌ని విప్పే పని జీటీఎక్స్ 1060కి రాదు, ఆ బరువంతా ప్రాసెసర్ మీదే పడుతుంది, నేను ఇంకా పెద్ద రైజెన్ కొన్నా కొంచెం మెరుగే గానీ ఇబ్బంది పూర్తిగా పోదు. ఇంటెల్‌లో 11వ జనరేషన్ నుంచి లోపలున్న గ్రాఫిక్స్ హెచ్265 (వీడియోని కుదించే ఒక పద్ధతి) 4:2:2ని విప్పుతుంది. ఎన్‌వీడియాలో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచి హెచ్264, హెచ్265 రెండిట్లోనూ ఆ సౌకర్యం ఇచ్చారు, మాకు సోనీలో ఎక్కువ వచ్చేది హెచ్264 ఫైళ్లే. ఏడాది పాటు ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకొనే తేలిక కాపీలు) చేసుకుంటా గడిపా, ఒక్కో పెళ్లికి ఒక రాత్రి పోయేది. 2025 ఆషాఢంలో ఆర్‌టీఎక్స్ 5060 వేశా. బీ450లో కార్డు బిగించే స్లాట్ పాత పీసీఐ 3.0నే కాబట్టి కార్డు పూర్తి వేగం రాదు, గేములాడేవాళ్లు అది చూసుకోండి, మా పనికి మాత్రం ఏ తేడా తెలియలేదు. మూడు కెమెరాల 4కే టైమ్‌లైన్ ఆగకుండా నడుస్తోంది, ప్రాక్సీ చేసి ఎనిమిది నెలలైంది.

ఇప్పటి సంగతి. ఏఎమ్5కి మారదామని గత డిసెంబర్‌లో రేట్లు అడిగా. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యాము రేట్లు పెరిగిపోయాయి, 32 జీబీ డీడీఆర్5 కిట్ వేసవిలో నాకు చెప్పిన రేటుకి మూడింతలు పైనే చెప్పారు. ఏఎమ్5 సాకెట్‌ని 2027 దాకా నడుపుతామని ఏఎమ్‌డీ చెప్పింది, కాబట్టి ఆ బోర్డు కొన్నవాళ్లకి దాని మీదే ముందు ముందు ప్రాసెసర్ మార్చుకొనే వీలుంటుంది, మంచి సాకెట్టే. కానీ నాకు ఇవాళ పని ఆగడం లేదు, అందుకని కొనలేదు. మీ దగ్గర నాలాగా డీడీఆర్4 (పాత రకం ర్యాము) సిస్టమ్ ఉండి పని నెమ్మదైతే టాస్క్ మేనేజర్ తెరిచి ఏది నూటికి నూరు కొడుతోందో ఒక వారం చూడండి, ప్రాసెసరా, ర్యామా, గ్రాఫిక్సా, డిస్కా. అది తేలకుండా "వచ్చే జనరేషన్" కోసం ఆగడం నేను 2021లో చేసిన పనే. సిస్టమే లేనివాళ్లు, పని చేతిలో ఉన్నవాళ్లు మాత్రం ఆగొద్దు, ర్యాము 16తో సరిపెట్టుకొని మొదలుపెట్టండి.

పాతవి మూల పడేస్తారని ఒకసారి చెప్తున్నా, పడెయ్యొద్దు. మా బామ్మర్దికి అల్లూరులో జిరాక్స్, డీటీపీ షాపు ఉంది, వాడిది నాలుగో జనరేషన్ ఐ5, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది, విండోస్ 11కేమో ఇంటెల్ ఎనిమిదో జనరేషన్, రైజెన్ 2000 నుంచి పైవే లెక్కలోకొస్తాయి. వాడికి సెకండ్ హ్యాండ్ బోర్డు ఒకటీ, పవర్ సప్లై ఉన్న క్యాబినెట్ ఒకటీ కొని నా 2600, పాత 16 జీబీ, 1060 బిగించి ఇచ్చా. 2600లో లోపల గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి ఆ 1060 లేకపోతే మానిటర్‌లో బొమ్మే రాదు. నేను బ్లేడుతో నిలబెట్టిన రెండు పిన్నుల ప్రాసెసరే ఇవాళ అల్లూరులో విండోస్ 11 మీద పొద్దుణ్ణుంచి రాత్రిదాకా అప్లికేషన్లు కొడుతోంది.