ఎకనామిక్స్ పక్కన ఏది మేలు: లెక్కలా, చరిత్రా?

తెలంగాణలో డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే రోజులొస్తే హనుమకొండలో ఏ నెట్ సెంటర్ దగ్గర చూసినా అదే టెన్షన్. డిగ్రీలో ఎకనామిక్స్ చదువుదామనుకునే పిల్లల ఇళ్లలో ఏ కాలేజీ అన్నదాని మీద పెద్ద చర్చే నడుస్తుంది. ఎకనామిక్స్ పక్కన ఏ సబ్జెక్టులు ఉండాలన్న సంగతికి వచ్చేసరికి, సీటు ఏది దొరికితే అది అని వదిలేస్తారు. మూడేళ్ల తర్వాత ఏ దారి ఉంటుందో, ఏది మూసుకుపోతుందో చాలావరకు తేల్చేవి ఆ పక్క సబ్జెక్టులే.

మన వైపు ముఖ్యంగా రెండు దారులు. ఎకనామిక్స్‌తో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ ఒకటి. ఎకనామిక్స్‌తో హిస్టరీ, పొలిటికల్ సైన్స్ రెండోది. ఈ రెండు చదువులకూ తేడా ఎక్కడుందో చూడాలంటే మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లాలి. పొద్దున్నే మొదట జరిగే వేలం, అంటే జెండా పాటలో, తేజ రకం మిర్చికి పలికిన ధర పొద్దెక్కేలోపే ఫోన్లలో ఊరూరా తిరుగుతుంది. ఆ ధర దక్కేది మేలైన సరుకు ఉన్న కొద్దిమందికే. మిగతా రైతుల చేతికొచ్చే తక్‌పట్టీ (అమ్మకం రసీదు) మీద అంకె వేరు.

స్టాటిస్టిక్స్ చదివిన విద్యార్థి అక్కడ నిలబడితే ముందుగా గరిష్ఠ ధరను పక్కన పెడతాడు. ఎక్కువ బస్తాలు ఏ ధరకు పోయాయి, ఆ రోజు యార్డుకు ఎంత సరుకు వచ్చింది, ధర తగ్గింది తేమ వల్లా, రకం వల్లా, యార్డుకు సరుకు ఎక్కువ రావడం వల్లా అని విడదీస్తాడు. స్టాటిస్టిక్స్‌లో రిగ్రెషన్ అనే పద్ధతి చేసే పని ఇదే. హిస్టరీ, పాలిటిక్స్ చదివిన అమ్మాయి ఇంకోటి అడుగుతుంది: ధర నచ్చకపోతే ఈ రైతు బస్తాలు కోల్డ్ స్టోరేజీలో ఎందుకు పెట్టుకోలేకపోతున్నాడు? కౌలు రైతు పేరు మీద పట్టాదారు పాస్‌బుక్ ఉండదు, బ్యాంకు అప్పు దొరకడం కష్టం, పెట్టుబడికి అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) దగ్గర తెచ్చుకున్న డబ్బు పంట రాగానే తీర్చాలి. ధర ఎలా ఉన్నా అమ్మక తప్పదు. ఈ సంగతి తెలియకుండా ఎంత గొప్ప లెక్క వేసినా రైతు ఆ రోజే ఎందుకు అమ్మాడో అర్థం కాదు.

రెండూ అవసరమే. అయినా ఒకటే ఎంచుకోవాలంటే, ఇంటర్‌లో ఎంఈసీ చదివి లెక్కలంటే భయం లేని పిల్లలకు నేను గట్టిగా చెప్పేది మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ తీసుకోమనే. చరిత్ర, రాజనీతి పుస్తకాలు ఇరవై అయిదేళ్ల వయసులో కూడా సొంతంగా చదువుకోవచ్చు. కాలిక్యులస్, ప్రాబబిలిటీ వదిలేశాక మళ్లీ పట్టుకోవడం చాలా కష్టం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏకు సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కావాలంటే ఎంట్రన్స్‌లో లెక్కల పేపరు దాటాలి. యూపీఎస్సీ జరిపే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉన్నా సరిపోతుంది. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కైతే ఎకనామిక్స్‌లో పీజీ తప్పనిసరి. అంటే ఎంఏ దాకా వెళ్లాలి, అక్కడ లెక్కలు మళ్లీ ఎదురవుతాయి.

గ్రూప్స్ మీదే మనసున్న వాళ్ల సంగతి వేరు. గ్రూప్-2లో 150 మార్కుల చొప్పున నాలుగు పేపర్లు. రెండో పేపరులో చరిత్ర, రాజ్యాంగం, సమాజం, మూడో పేపరులో ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి వస్తాయి. హిస్టరీ, పొలిటికల్ సైన్స్ కాంబినేషన్ చదివితే వీటికి పునాది డిగ్రీలోనే పడిపోతుంది. తెలుగు మీడియం పిల్లలకు పుస్తకాలు దొరకడం కూడా ఇందులో సులువు. కానీ నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో ఎవరి చేతిలోనూ లేదు. అశోక్‌నగర్ కోచింగ్‌లలో ఏళ్లు గడిచాక వెనక్కి తిరిగి చూసుకుంటే ఇంకో దారి ఉండాలి కదా. ఈ కాంబినేషన్ తీసుకున్న వాళ్లు కనీసం ఎక్సెల్, ప్రాథమిక స్టాటిస్టిక్స్ పక్కన నేర్చుకోవాలని అందుకే అంటాను. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లో ఉచితంగా కోర్సులున్నాయి.

ఎకనామిక్స్‌తో కామర్స్ గానీ కంప్యూటర్ అప్లికేషన్స్ గానీ మూడో దారి. డిగ్రీ అవగానే ఉద్యోగం చేయక తప్పని ఇంటి పిల్లలకు ఇది పనికొస్తుంది. ఎంఏ ఆలోచన ఉంటే మాత్రం మొదటి ఎంపికగా పెట్టుకోవద్దు.

ఇక వ్యవసాయ ఆర్థికం, పబ్లిక్ ఫైనాన్స్, లేబర్ ఎకనామిక్స్, ఆర్థిక విషయాలకు స్టాటిస్టిక్స్ వాడే ఎకనామెట్రిక్స్‌లలో దేని మీద దృష్టి పెట్టాలన్నది మొదటి ఏడాదే తేల్చుకోనక్కర్లేదు. మైక్రో, మాక్రో ఎకనామిక్స్ పునాది గట్టిపడ్డాక ప్రాజెక్టు పని ఇచ్చినప్పుడు చుట్టూ చూడండి. జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయిన వాళ్లు పంపే డబ్బు ఇంటి ఖర్చుకు ఎంత, అప్పు తీర్చడానికి ఎంత పోతోందో పది ఇళ్లు తిరిగి అడిగితే లేబర్ ఎకనామిక్స్ నచ్చుతుందో లేదో తెలిసిపోతుంది. నిజామాబాద్ పసుపు, సిరిసిల్ల మరమగ్గాలు, గోదావరిఖని బొగ్గు, ఒక్కోటీ ఒక్కో దారి చూపిస్తాయి. ఇంత సామగ్రి చేతికందే దూరంలో పెట్టుకుని, ప్రాజెక్టు రిపోర్టును జిరాక్స్ సెంటర్‌లో కొని ఇచ్చేస్తుంటే నాకు చాలా బాధేస్తుంది.

ఇంటర్‌లో హెచ్‌ఈసీ, సీఈసీ చదివిన పిల్లలు లెక్కల కాంబినేషన్ దొరకదని దిగులుపడొద్దు. మ్యాథ్స్ ఇంటర్‌లో లేకుండా డిగ్రీలో తీసుకోవడం మామూలుగా కుదరదు. హిస్టరీ, పొలిటికల్ సైన్స్‌తోనే చేరి, ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండో తరగతుల లెక్కల పుస్తకాలు నెట్‌లో ఉచితంగా దించుకుని మొదటి మూడు సెమిస్టర్లలో పూర్తిచేయండి. పరీక్ష కోసం కాదు కాబట్టి మెల్లగా అయినా ఫరవాలేదు.

ఏ కాంబినేషన్ అనుకున్నా ఆప్షన్లు ఫ్రీజ్ చేసేముందు ఆ కాలేజీకి ఒకసారి వెళ్లి రండి. స్టాటిస్టిక్స్‌కు పాఠం చెప్పే లెక్చరర్ ఉన్నారా, పోయిన ఏడాది ఆ సెక్షన్‌లో ఎంతమంది చేరారు, సరిపడా పిల్లలు రాకపోతే ఏ గ్రూపులోకి మారుస్తారు అని ఆఫీసులో అడగండి. సీనియర్లు కనిపిస్తే వాళ్లనూ అడగండి, వాళ్లు ఉన్నదున్నట్టు చెప్తారు.