ఆఫీసు ఇచ్చిన కౌన్సెలింగ్ సేవ: మొదటి సెషన్‌కు ముందు నాకు ఎదురైనవి

మా సంస్థ ఉద్యోగులకు ఏడాదికి ఆరు కౌన్సెలింగ్ సెషన్లను ఉచితంగా ఇస్తుంది. బయటి సంస్థ ఒకటి ఈ సేవను నడుపుతోంది. గత రెండు నెలల్లో నేను నాలుగు సెషన్లు వాడుకున్నాను. నాతో మాట్లాడిన కౌన్సెలర్ పనితీరుకు పూర్తి మార్కులు ఇస్తాను. అయితే మొదటి సెషన్‌కు వెళ్లే మనిషిని సిద్ధం చేయడంలో మాత్రం ఈ సేవ బాగా వెనకబడి ఉంది, కాబట్టి ఎక్కువగా ఆ సంగతే రాస్తున్నాను.

నాన్న పోయిన తరువాత నాకు నిద్ర కరువైంది. రాత్రి షిఫ్టు ముగించుకుని క్యాబ్‌లో ఇంటికి చేరినా, తెల్లవారాక కూడా కన్ను మూతపడేది కాదు. హెచ్‌ఆర్ విభాగం పంపిన పాత ఈమెయిలు వెతికి పట్టుకున్నాక కూడా మూడు వారాలు వెనకాడాను. ఇందులో చెప్పుకున్నది మేనేజరు చెవిన పడుతుందా అన్న ఒక్క భయమే దానికి కారణం. యాప్‌లో 'పూర్తి గోప్యత' అని ఒక మాట ఉంది గాని, ఎవరికి ఏమి తెలుస్తుందో వివరంగా ఎక్కడా లేదు. ఆ వివరం అంగీకార పత్రంలో ఉంది, ఆ పత్రమేమో స్లాట్ తీసుకున్న తరువాతే తెరుచుకుంటుంది. ఎంతమంది ఈ సేవను వాడుకున్నారన్న మొత్తం సంఖ్య తప్ప పేర్లు సంస్థకు వెళ్లవని, ప్రాణాపాయం ఉన్నప్పుడు, న్యాయస్థానం ఆదేశించినప్పుడు మాత్రం గోప్యతకు మినహాయింపు ఉంటుందని అందులో స్పష్టంగానే రాశారు. మానసిక అనారోగ్యం ఉన్నవారి చికిత్స సమాచారాన్ని గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. కానీ కౌన్సెలింగ్‌కు వచ్చే ప్రతివారూ రోగులు కారు గనుక, మన చేతికి వచ్చే ఈ పత్రాన్ని చివరి వరకు చదవడం చాలా ముఖ్యమని నా అభిప్రాయం. అప్పటికీ సందేహం మిగిలితే మొదటి ఐదు నిమిషాల్లోనే కౌన్సెలర్‌ను అడగవచ్చు. నేను అడిగాను, ఆమె ఏమాత్రం నొచ్చుకోకుండా జవాబు చెప్పారు.

నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. ఆఫీసు ఈమెయిలుతో నమోదు చేసుకోవడంతో అపాయింట్‌మెంట్ నేరుగా నా ఆఫీసు క్యాలెండర్‌లోకి వెళ్లింది, దాన్ని మా బృందంలో అందరూ చూడగలరు. వెంటనే తొలగించి, సొంత ఫోన్, సొంత ఈమెయిలుతో మళ్లీ నమోదు చేసుకున్నాను. ఈ హెచ్చరిక యాప్ మొదటి పేజీలోనే ఉండి తీరాలి.

భాష విషయానికి వస్తే, ముందుగా ఎంపికై ఉండేది ఇంగ్లీషు. కిందికి వెళ్లి తెలుగు ఎంచుకుంటే సాయంత్రం స్లాట్లు మాత్రమే కనిపించాయి, ఐదు రోజులు ఆగవలసి వచ్చింది. ఆ ఐదు రోజులు ఆగినందుకు నేను చింతించడం లేదు. ఇంగ్లీషులో నేను 'స్ట్రెస్' అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయేదాన్ని. నాన్న ఉన్నన్నాళ్లూ ఇంటి సంగతి ఆయన చూసుకున్నారని, ఇప్పుడు అమ్మ ముందు ఏడవడానికి కూడా నాకు ధైర్యం చాలడం లేదని చెప్పడానికి నాకు తెలుగే కావలసి వచ్చింది.

సెషన్‌కు ముందు రోజు ఒక ప్రశ్నపత్రం వచ్చింది. గడచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఉత్సాహం ఎలా ఉన్నాయని తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు, మొత్తం 27. పీహెచ్‌క్యూ-9 అనే ఈ పత్రం తీవ్రతను అంచనా వేయడానికే గాని, దాని మార్కులను బట్టే జబ్బును నిర్ధారించరు. అయినా ఆ మాట ఎవరూ చెప్పకపోవడంతో నేను ఆ రాత్రంతా నా మార్కులు చూసుకుంటూ కూర్చున్నాను. చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి తొమ్మిదో ప్రశ్న అడుగుతుంది. దానికి దాచకుండా జవాబు రాయండి, ఎందుకంటే కౌన్సెలర్ అన్నిటికంటే ముందు చూసేది దాన్నే.

ఎక్కడ కూర్చుని మాట్లాడాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. మా రెండు గదుల ఫ్లాట్‌లో ఒక గదిలో మాట్లాడితే రెండో గదిలో వినిపిస్తుంది. సెల్లార్‌లో కారులో కూర్చుందామంటే సిగ్నల్ అందలేదు. చివరికి కారును వీధి చివర చెట్టు కింద ఆపుకుని మాట్లాడాను. చెప్పదలచుకున్న నాలుగు విషయాలను కాగితం మీద రాసి పెట్టుకున్నాను గాని, యాభై నిమిషాల్లో రెండే చెప్పగలిగాను. మొదటి సెషన్‌లో సగం ఇంటి వివరాలు, ఉద్యోగం, ఆరోగ్యం గురించిన ప్రశ్నలకే పోతుందని తెలిసి ఉంటే నిద్ర సంగతి ముందే ఎత్తేదాన్ని. కౌన్సెలర్ మందులు రాయరు. రెండో సెషన్‌లో ఆమె, నిద్ర ఇలాగే ఉంటే సైకియాట్రిస్టును కలవమని సూటిగా చెప్పారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

పనిచేసే చోట ఇలాంటి సదుపాయం లేనివారు 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. అది ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

మా సంస్థ సేవలో కుటుంబ సభ్యులకు కూడా ఇవే సెషన్లు వర్తిస్తాయని నాలుగో సెషన్ చివర తెలిసింది. మిగిలిన రెండూ అమ్మ కోసం ఉంచాను. ఆమె ఇంకా ఒప్పుకోలేదు గాని, మాట్లాడేది తెలుగువారేనా అని మాత్రం నిన్న అడిగింది.