పాత కబ్ క్యాడెట్ 124కి ఎంత పెట్టొచ్చు? కిందికి వంగి చూశాక చెప్తా

ఇంజన్‌కీ చక్రాలకీ మధ్య బెల్టు లేని తోట ట్రాక్టర్ కావాలన్న పిచ్చితోనే ఈ కబ్ క్యాడెట్ కొన్నాను. అంతకుముందు మా ఇంట్లో ఉన్న లాన్ ట్రాక్టర్, తడిసిన ఒహాయో బంకమట్టి మీద నాలుగు బుట్టల ఎరువు లాగమన్నా బెల్టు జారి కమురు వాసన కొట్టేది. ఈ పాత కబ్ క్యాడెట్‌లో ఆ గొడవ లేదు. ఇంజన్ నుంచి వెనక గేర్‌బాక్సు దాకా నేరుగా ఇనప షాఫ్టే. 1960ల మొదట్లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లు తెచ్చిన బండ్ల పద్ధతి అది. వెనక గేర్లు కూడా వాళ్ల ఫార్మాల్ కబ్ అనే అసలు సిసలు పొలం ట్రాక్టర్ నుంచి వచ్చినవే. నాది 1967-69 మధ్య తయారైన 124, 12 హార్స్‌పవర్ కోలర్ ఇంజన్.

దీనికి బ్రిన్లీ కంపెనీ నాగలి తగిలించి దుక్కి చేస్తే వచ్చే ఆనందం మాటల్లో చెప్పలేను. కుడి చక్రం పాత చాలులో దిగుతుంది, బండి కాస్త ఒరుగుతుంది, గడ్డితో సహా మట్టి పెళ్లలు పెళ్లలుగా తిరగబడుతుంది. మా గోంగూర, బీర పాదులకు ఆ దుక్కి చాలు.

అమ్మినాయన 900 డాలర్లు చెప్పాడు. పసుపు, తెలుపు రంగులు తాజాగా కొట్టించాడు, సీటు కొత్తది. నేను 600కి తెచ్చాను, గడ్డి కోసే డెక్కు, నాగలి కలిపి. బేరం అక్కడికి ఎలా దిగిందంటే, రంగుకి ఒక్క డాలరు కూడా లెక్క కట్టలేదు. వెళ్లగానే ఇంజన్ రెక్కల మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్టవ్వని సంగతి దాచడానికి మనం రాకముందే స్టార్ట్ చేసి ఉంచారేమో అనుకోవాలి. అలాంటి బండికి నడవని బండి ధరే ఇస్తాను. సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి తీసుకెళ్లి ఏదో తేలుస్తామనుకోకండి. ఈ కోలర్ కె సిరీస్ ఇంజన్లలో స్టార్టింగుకి కంప్రెషన్ వదిలేసే ఏర్పాటు ఉంటుంది, అందుకని ఇంజన్ బాగున్నా గేజి తక్కువే చూపిస్తుంది. తెలుసుకోవాలంటే సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ పరీక్షే. ఆయిల్ ఫిల్టర్ కూడా ఉండదు కాబట్టి డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎలా ఉందో చూస్తే పాత యజమాని ఎలాంటివాడో సగం తెలిసిపోతుంది. డెక్కు బ్లేడు పట్టుకుని ఊపితే బేరింగులు లొడలొడలాడాయి, దానికి వంద తగ్గించమన్నాను. నాగలికి మాత్రం నోరు మూసుకుని ఇచ్చాను. విడిగా వెతికితే ట్రాక్టర్ దొరకడం కన్నా అది దొరకడమే కష్టం.

మరుసటి వేసవి, మంచు భయం పోయాక, మే నెలాఖరులో దుక్కి చేస్తున్నాను. సగం మడి అయింది. ఇంజన్ హాయిగా తిరుగుతోంది, గేరు పడింది, క్లచ్ వదిలాను, బండి మాత్రం కదల్లేదు. కాళ్ల మధ్య నుంచి టక్ టక్‌మని చప్పుడు. ఫ్రేము మీది రేకు విప్పి చూస్తే, షాఫ్టు వెనక కొసని గేర్‌బాక్సు కప్లింగుకి కలిపే చోట రోల్ పిన్ను, అంటే గొట్టంలా చుట్టిన ఉక్కు పిన్ను, లేదు. ఎవడో మహానుభావుడు దాని బదులు మామూలు బోల్టు దోపాడు. రోల్ పిన్ను స్ప్రింగులా బిగుసుకుని కూర్చుంటుంది, బోల్టుకి ఆ గుణం లేదు. అది వదులుగా ఆడి ఆడి గుండ్రటి రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారానికి తెచ్చింది, చివరికి తనూ విరిగింది. అలాంటి రంధ్రంలో కొత్త పిన్ను పెట్టినా నిలవదు. విరిగిన ముక్క కప్లింగులోనే ఇరుక్కుపోయింది. గ్యాస్ టార్చి మంటతో కాల్చి, నూనె పోసి, వెల్లకిలా పడుకుని పంచి మీద సుత్తితో కొడుతుంటే దశాబ్దాల గ్రీజు, గడ్డి పొట్టు కలిసి కళ్లలో పడ్డాయి. షాఫ్టు బయటికొచ్చాక చూస్తే ముందు కొస బుష్ కూడా అరిగిపోయింది, క్లచ్ ప్లేటు కాగితంలా ఉంది. అన్నీ కలిపి 180 డాలర్ల దాకా అయింది. గోంగూర ఆ ఏడాది ఆలస్యంగా వేశాం.

అప్పటి నుంచి మిత్రుల కోసం ఎవరి బండి చూడ్డానికి వెళ్లినా ముందు ఇంజన్ ఆపించి, ఆ రేకు తీయించి, షాఫ్టుని చేత్తో అటూ ఇటూ తిప్పి చూస్తాను. పిన్ను దగ్గర టక్కుమని ఆడితే రెండొందలు తగ్గించమంటాను. బోల్టు కనిపిస్తే ఇంకాస్త, ఎందుకంటే అలా బోల్టు దోపినవాడు ఇంకెక్కడెక్కడ చెయ్యి పెట్టాడో మనకు తెలీదు. రేకు తీయనివ్వని అమ్మకందారు దగ్గర నేను పర్సు తీయను.

బెల్టు లేదని ఇందాక మురిసిపోయాను గానీ, డెక్కు తిరిగేది బెల్టుతోనే. పైగా పాత లాన్ ట్రాక్టర్‌లో బెల్టు తెగితే సాయంత్రం భోజనం లోపు మార్చేసేవాణ్ని. ఈ షాఫ్టు పనికి శని, ఆదివారాలు రెండూ పోయాయి. అయినా బంకమట్టి దున్నేటప్పుడు ఆ లెక్క గుర్తుకు రాదు.

600 ఎక్కువా తక్కువా అంటే, గ్యారేజీలో చోటు, వెల్డింగ్ తెలిసిన స్నేహితుడు, దున్నడానికి నేల ఉన్నాయి కాబట్టి నాకు సరిపోయింది. గడ్డి కోయడానికే అయితే 300 కూడా దండగే, మామూలు రైడింగ్ మూవర్ కొనుక్కోండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఇంకోసారి ఆలోచించండి. సీట్లోంచి మనిషి లేస్తే ఇంజన్ ఆగిపోయే స్విచ్ దీనికి లేదు. మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేనివాళ్లు గేర్లు మార్చే పని లేకుండా ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రోస్టాటిక్ 125 చూసుకోవచ్చు. అందులో ఈ క్లచ్ ప్లేటు గొడవ ఉండదు. కాకపోతే ముందుకీ వెనక్కీ లివరు మార్చేటప్పుడు బండి కుదుపిస్తే, లివరు కదలికని ఆ హైడ్రోస్టాటిక్ పంపుకి అందించే ట్రనియన్ గాడి అరిగిందని అర్థం. దానికి ఎంత తగ్గించమనాలో ఆ బండి ఉన్నవాళ్లనే అడగండి, నాకు దాంతో అలవాటు లేదు.