బరంపురం వైపు నెట్‌వర్క్ డిజైన్ ట్రైనింగ్: కొన్నేళ్లు ఫీల్డ్‌లో పనిచేశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, కట్టిన ఫీజు నాకు గిట్టుబాటైంది. బ్రోషర్ చూసి ఏది నేర్చుకుందామని వెళ్లానో అది మాత్రం అక్కడ పెద్దగా దొరకలేదు. పైన అడ్వాన్స్‌డ్ కంప్యూటర్ నెట్‌వర్క్ డిజైన్ అని వేశారు, లోపల నిజంగా నేర్పింది పాడైన నెట్‌వర్క్ ఎక్కడ పాడైందో పట్టుకోవడం. నా పని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మధ్య తిరిగే ఫీల్డ్ పని, ఒక చిన్న ఇంటర్నెట్ ప్రొవైడర్ దగ్గర. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి పిల్లలు "అన్నా, చేరమంటావా, ఇంట్లో కూర్చుని నేర్చుకోలేమా" అని మెసేజ్‌లు పెడుతూనే ఉంటారు కాబట్టి ఒకసారి పూర్తిగా రాసేస్తే పోతుందని రాస్తున్నా. యూనివర్సిటీ పేరు మాత్రం అడగొద్దు.

సబ్‌నెట్టింగ్, అంటే ఐపీ అడ్రస్‌లని చిన్న గుంపులుగా విడగొట్టే లెక్క, నోటికి రానివాళ్లు చేరకండి. నిజంగానే చెబుతున్నా. ఒక /26 గుంపులో (గీత తర్వాత అంకె పెరిగేకొద్దీ గుంపు చిన్నది) ఎన్ని అడ్రస్‌లు ఉంటాయో కాగితం లేకుండా చెప్పలేకపోతే రెండో వారానికే వెనకబడిపోతారు, అక్కడ ఎవరూ ఆగరు. వీలాన్‌లు (ఒకే స్విచ్‌ని వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడగొట్టడం), ట్రంకులు (వాటన్నిటినీ మోసే లింకులు), క్రింపింగ్ (కేబుల్ చివర ప్లగ్ బిగించడం) లాంటివి మొదట్లో గబగబా లాగించేస్తారు, వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. క్లాసు ఇంగ్లిష్‌లో, ల్యాబ్ మాత్రం సగం ఒడియా, సగం తెలుగు. ల్యాబ్ టెక్నీషియన్‌ని ఒడియా పిల్లలు "ఆజ్ఞా" అని, మనవాళ్లు "సార్" అని పిలిచేవాళ్లు. రౌటర్లు, స్విచ్‌లు బిగించిన ర్యాక్ తాళం ఆయన దగ్గరే ఉండేది, కాబట్టి ఆయనతో మంచిగా ఉండటం సిలబస్‌లో లేని మొదటి పాఠం.

ల్యాబ్ సామాను పాతదే. కొన్ని సిస్కో రౌటర్లు, స్విచ్‌లు, ఫ్యాన్ల హోరుకి పక్కవాడు చెప్పేది వినపడదు. పెట్టెల్ని నేరుగా సెట్ చేసే లేత నీలం కన్సోల్ కేబుళ్లు సరిపడా ఉన్నా వాటిని ల్యాప్‌టాప్‌కి తగిలించే యూఎస్‌బీ అడాప్టర్లకి ఎప్పుడూ కొరతే, సొంతది కొనుక్కున్నవాడే రాజు. కరెంటు పోతే ర్యాక్ మొత్తం పడుకునేది, ఎందుకంటే యూపీఎస్‌ని ప్రొజెక్టర్‌కి పెట్టారు! మళ్లీ లేచాక సేవ్ చేయని కాన్ఫిగరేషన్ అంతా మాయం. వానాకాలం మధ్యాహ్నాలు సగం బ్యాచ్ మొదటినుంచి టైప్ చేసుకుంటూ కూర్చునేది. విసుగొచ్చేది గానీ ఆ పాత సామాను మీద నాకు ఫిర్యాదు లేదు. ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) పదేళ్ల కిందటి పెట్టెలో ఎలా నడిచిందో ఈరోజూ అలాగే నడుస్తుంది.

ఇక అసలు సంగతి. వారంలో ఒక రోజు సార్ మమ్మల్ని టీకి పంపేసి, మేము వచ్చేలోపు బాగా నడుస్తున్న టోపాలజీని (మేము కలిపి పెట్టిన నెట్‌వర్క్ అమరికని) చెడగొట్టి పెట్టేవారు. ఏం చేశారో చెప్పరు, "యూజర్‌కి నెట్ రావట్లేదట, చూడండి" అంటారు, అంతే. డబ్బులు గిట్టుబాటైంది ఈ రోజుల వల్లే.

ఒకసారి ఓఎస్‌పీఎఫ్ నడిచే రెండు రౌటర్ల మధ్య పింగ్ వెళ్తోంది, నేనున్నానని చెప్పే హలో ప్యాకెట్లు పది సెకన్లకొకటి చక్కగా వస్తున్నాయి, హలో రాకపోతే అవతలిది పోయిందనుకునే డెడ్ టైమర్ రెండువైపులా నలభై సెకన్లు, ఏరియా ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే. అయినా నైబర్ (జత కట్టాల్సిన అవతలి రౌటర్) ఎక్స్‌స్టార్ట్ అనే మధ్య దశ దగ్గర ఇరుక్కుని ఫుల్‌కి, అంటే పూర్తిగా కలిసిన దశకి రాదు. బ్యాచ్ మొత్తం కేబుళ్లు పీకి పెట్టడం మొదలుపెట్టింది. తీరా చూస్తే ఒక ఇంటర్‌ఫేస్ మీద ఎంటీయూ (ఒక్కసారి పంపగల ప్యాకెట్ గరిష్ఠ సైజు) తగ్గించి పెట్టారు. హలో ప్యాకెట్ చిన్నది, ఎంటీయూతో దానికి పని లేదు, దూరిపోతుంది. తర్వాతి దశలో మార్చుకునే డేటాబేస్ డిస్క్రిప్షన్ ప్యాకెట్‌లో మాత్రం ప్రతి రౌటర్ తన ఎంటీయూ రాసి పంపిస్తుంది, అది తనకంటే పెద్దదైతే అవతలిది ఆ ప్యాకెట్‌ని పక్కన పారేస్తుంది. ఎంటీయూని పట్టించుకోవద్దని చెప్పే కమాండ్ ఒకటి ఉంది, అది కొడితే నైబర్ లేస్తుంది. కానీ సార్ దాన్ని వాడనిచ్చేవారు కాదు, రేపు పెద్ద ప్యాకెట్లు చడీచప్పుడు లేకుండా చచ్చిపోతాయి, అప్పుడు ఇంకా పెద్ద తలనొప్పి అనేవారు. ఉద్యోగంలో చేరాక మా మైక్రోటిక్ రౌటర్‌కీ ఒక కస్టమర్ సిస్కోకీ మధ్య అచ్చం ఇదే జరిగింది. లింకు మధ్యలో వేరే ప్రొవైడర్ వాళ్లది, వాళ్లేమో మా వైపు అంతా బాగానే ఉందంటారు. నైబర్ స్టేట్ చూడగానే ఎక్కడ వెతకాలో తెలిసిపోయింది. ఆ టీ బ్రేక్ లేకపోతే ఆ రోజంతా ఫోన్‌లో వాదించుకుంటూ గడిచేది.

స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య లూపులు పడకుండా అదనపు లింకుల్ని ఆపి ఉంచేది) కూడా అలాగే. ఈ ప్రోటోకాల్‌ని రేడియా పెర్ల్‌మన్ 1985లో రాసింది, పాతది కదా అని పుస్తకంలో రెండు పేజీల్లో దాటేస్తారు. ల్యాబ్‌లో సార్ స్టోర్‌రూమ్ నుంచి ఒక ముసలి స్విచ్ తెచ్చి ఓ మూల పోర్ట్‌కి తగిలించారు, అంతే, నెట్‌వర్క్ మొత్తానికి అదే రూట్ బ్రిడ్జి, అంటే దారులన్నిటికీ కేంద్రం, అయి కూర్చుంది. ప్రయారిటీ అంకె తక్కువున్న స్విచ్ రూట్ అవుతుంది, ఎవరూ మార్చకపోతే అన్ని స్విచ్‌లకీ 32768 ఉంటుంది, సమానమైతే తక్కువ మ్యాక్ అడ్రస్ (పెట్టెకి ఫ్యాక్టరీలో ఇచ్చే నంబర్) ఉన్నది గెలుస్తుంది, ఒకే కంపెనీ పాత స్విచ్‌లకి సాధారణంగా మ్యాక్ తక్కువ. ఇంటికి వచ్చిన దూరపు చుట్టం పెద్దరికం చెలాయించినట్టు, బిల్డింగ్ ట్రాఫిక్ అంతా ఆ ముసలిదాని మీదుగా పోవడం మొదలైంది. ఈ ప్రాంతంలో నేను చూసిన ఆఫీసుల్లో కోర్ స్విచ్‌కి ప్రయారిటీ 4096 పెట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "సాయంత్రాలు స్లో అవుతోంది బాబూ" అని ఫోనొస్తే నేను ముందు చూసేది రూట్ ఎవరనే.

బీజీపీ (ఇంటర్నెట్‌లో ఒక సంస్థ నెట్‌వర్క్ ఇంకో సంస్థకి దారులు చెప్పే పద్ధతి) వారం గురించి కూడా చెప్పాలి. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ని ఆపబోయి ప్రపంచమంతా ఆపేసిన సంగతి ఉంది కదా, దాన్ని ల్యాబ్‌లో మళ్లీ ఆడించారు. ప్రైవేట్ ఏఎస్ నంబర్లు (ఒక్కో సంస్థ నెట్‌వర్క్‌కి గుర్తింపు నంబర్) ఇచ్చి ఒక గుంపుని యూట్యూబ్‌గా, ఒక గుంపుని పాకిస్తాన్‌గా, మిగతావాళ్లని మధ్యలో ట్రాఫిక్ మోసే ట్రాన్సిట్‌గా కూర్చోబెట్టారు. యూట్యూబ్ వైపు 208.65.152.0/22 ప్రకటిస్తుంది. అవతలివాళ్లు 208.65.153.0/24 అంటారు. రౌటర్ ఎప్పుడూ ఎక్కువ వివరంగా ఉన్న, అంటే చిన్న ప్రిఫిక్స్‌నే (అడ్రస్‌ల గుంపునే) నమ్ముతుంది, కాబట్టి కమాండ్ కొట్టిన కాసేపట్లోనే మా ట్రాఫిక్ అంతా వాళ్ల నల్ రూట్‌లో (వచ్చినదాన్ని పారేసే దారిలో) పడిపోయింది. అప్పుడు నిజంగా యూట్యూబ్ ఏం చేసిందో అదే మాతో చేయించారు, ముందు అదే /24, తర్వాత రెండు /25లు. మధ్యలో ఉన్న ట్రాన్సిట్‌వాళ్లు ఫిల్టర్ పెట్టి ఉంటే అసలు గొడవే ఉండేది కాదని అందరికీ ఒక్కసారే అర్థమైంది. ఇప్పుడు మా దగ్గర కొత్త కస్టమర్ బీజీపీ సెషన్ లేపితే ప్రిఫిక్స్ లిస్టు, మాగ్జిమమ్ ప్రిఫిక్స్ లిమిటు లేకుండా నేను వదలను, మా మేనేజర్ ఎంత తొందరపెట్టినా. ఆర్‌పీకేఐ (ఏ ప్రిఫిక్స్ ఎవరిదో సంతకంతో తేల్చే పద్ధతి) గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఈ రోజుల్లో అది లేకుండా బీజీపీ నేర్పడం పొరపాటే అంటాను.

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ అన్నీ ఆరు గంటలపాటు పడిపోయినప్పుడు మా బ్యాచ్ గ్రూపులో మాట్లాడుకోవడానికి వాట్సాపే లేదు, అది వేరే కామెడీ. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల బ్యాక్‌బోన్‌ని తెంపేసింది, దాంతో డీఎన్‌ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ చెప్పే) సర్వర్ల రూట్‌లు బీజీపీ నుంచి వెనక్కి పోయాయి, బాగుచేద్దామంటే లోపలికి వెళ్లే దారి కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఉంది. అది చదివాక మా మెయిన్ సైట్‌లో కన్సోల్ కోసం వేరే కంపెనీ సిమ్‌తో చిన్న 4జీ రౌటర్ పెట్టించాను. ట్రైనింగ్‌లో ఇలాంటి దారి వేరుగా ఉండాలని ఒక స్లైడ్‌లో ఉంది, చేసి చూపించలేదు.

ఇప్పుడు తిట్టాల్సినవి. డిజైన్ అని పేరు పెట్టి కోర్, డిస్ట్రిబ్యూషన్, యాక్సెస్ అని మూడు పొరల బొమ్మ గీయించారు, రెండు లింకులు పెట్టి రిడండెన్సీ (ఒకటి పోతే ఇంకోటి) ఉందని మార్కులు వేశారు. ఆ రెండు లింకులు నేల మీద ఎటునుంచి వెళ్తాయని ఒక్కరూ అడగలేదు. మా ఊళ్లలో ఉన్న ప్రశ్నల్లా అదే. కాగితం మీద రింగు, తీరా వెళ్లి చూస్తే రెండు కేబుళ్లూ అవే కరెంటు స్తంభాల మీద, అదే వంతెన పక్కన వేలాడుతుంటాయి. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ ఒక్క గీత గీస్తే రెండూ పోతాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో స్తంభాలు ఎలా పడ్డాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంత దగ్గరలో అంత పెద్ద పాఠం పెట్టుకుని, సిలబస్‌లో ఎవరిదో అమెరికా క్యాంపస్ బొమ్మ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఫైబర్ అసలు ముట్టలేదు. ఇది పెద్ద లోటు, ఎందుకంటే ఇక్కడ ఉద్యోగమంటే ముప్పాతిక వంతు ఫైబరే. జీపాన్ (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పద్ధతి) లైన్ డిజైన్ చేయాలంటే డీబీ లెక్క, అంటే దారిలో ఎంత వెలుతురు పోతుందో, రావాలి. మామూలుగా వాడే బీ ప్లస్ క్లాసు పరికరాలకి మొత్తం బడ్జెట్ (పోయినా ఫర్వాలేని వెలుతురు) 28 డీబీ. ఒక ఫైబర్‌ని ముప్పైరెండుగా చీల్చే స్ప్లిట్టర్ పెడితే దగ్గర దగ్గర 17 డీబీ దానికే పోతుంది. పదిహేను కిలోమీటర్ల ఫైబర్‌కి, కిలోమీటర్‌కి 0.35 చొప్పున ఇంకో 5.25. కనెక్టర్లు, జాయింట్లు కలిపి ఒకటిన్నర, రెండు వేసుకోండి. మిగిలింది నాలుగు డీబీ అటూఇటూ. రేపు కేబుల్ తెగితే వేసే కొత్త జాయింట్లకి, వంగిపోయిన ప్యాచ్ కార్డులకి ఉన్నది అంతే. కొండల్లోకి ఇంకో ఐదు కిలోమీటర్లు లాగమని ఎవరైనా అంటే ఆ మిగిలింది రెండు డీబీకి పడిపోతుంది, స్ప్లిట్ తగ్గించడం మంచిది, లేకపోతే జాయింట్లు పెరిగేకొద్దీ ఓఎన్‌టీ (కస్టమర్ ఇంట్లో పెట్టే పెట్టె) మీద ఎర్ర లైటు వెలగొచ్చు. ఇదంతా నాకు స్ప్లైసింగ్ చేసే కుర్రాళ్లు నేర్పారు, వాళ్లలో చాలామంది కాలేజీ మొహం చూడలేదు.

ఎస్‌డీఎన్ (నెట్‌వర్క్ మొత్తాన్ని ఒకచోటి సాఫ్ట్‌వేర్‌తో నడపడం) మాడ్యూల్ ఒకటి ఉంది, మినీనెట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చిన స్క్రిప్టు పేస్ట్ చేసి రన్ చేశాం, స్క్రీన్‌షాట్ తీసి రికార్డులో అంటించాం. ఆ తర్వాత దాని అవసరం నాకు రాలేదు. ఆ టైమ్‌లో పైథాన్‌తో స్విచ్‌ల కాన్ఫిగ్ బ్యాకప్ తీయడం నేర్పి ఉంటే దండం పెట్టేవాడిని. పరీక్ష కూడా అంతే, ఏడాదంతా చేతులతో చేయించి చివర్లో వైవాలో నిర్వచనాలు అడిగారు. సర్టిఫికెట్‌ని ఇంటర్వ్యూల్లో ఎవరూ చూడలేదు, సిస్కో వాళ్ల సర్టిఫికెట్ సీసీఎన్ఏ ఉందా అని మాత్రం అడిగారు.

ఇంట్లో కూర్చుని నేర్చుకోలేమా అంటే, సగం నేర్చుకోవచ్చు. ప్యాకెట్ ట్రేసర్ (సిస్కో వాళ్ల ప్రాక్టీస్ సాఫ్ట్‌వేర్) మొదలుపెట్టడానికి మంచిదే గానీ అందులో నడిచేది సిస్కో రౌటర్లలో ఉండే అసలు ఐఓఎస్ కాదు, చాలా కమాండ్లు ఉండవు, పైన చెప్పిన లాంటి తప్పులు అందులో సరిగ్గా పుట్టవు. రౌటర్ల సాఫ్ట్‌వేర్‌ని ల్యాప్‌టాప్‌లో నడిపే జీఎన్‌ఎస్3 గానీ ఈవీఈ-ఎన్‌జీ గానీ వేసుకోండి, ర్యామ్ పదహారు జీబీ ఉంటే హాయిగా ఉంటుంది. సిస్కో ఇమేజ్‌లు లైసెన్స్ లేకుండా దొరకవు, అందుకని ఎఫ్ఆర్ రౌటింగ్ వాడండి, ఉచితం, ఓఎస్‌పీఎఫ్, బీజీపీ రెండూ ఉన్నాయి. మైక్రోటిక్ రౌటర్ సాఫ్ట్‌వేర్ సీహెచ్ఆర్ కూడా ఉచితంగా నడుస్తుంది, ఇంటర్‌ఫేస్‌కి ఒక ఎంబీపీఎస్ మాత్రమే ఇస్తుంది, ప్రాక్టీస్‌కి అది చాలు. ప్యాకెట్లు విప్పి చూడటానికి వైర్‌షార్క్ ఎలాగూ ఉంది. యూట్యూబ్ హైజాక్ ప్రయోగం మొత్తం మీ ల్యాప్‌టాప్‌లో చేసుకోవచ్చు.

ల్యాప్‌టాప్‌లో దొరకనిది తీగ. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, వంద ఎంబీపీఎస్‌కి రెండు చాలు. అందుకని క్రింపింగ్‌లో మిగతా రెండు జతల్లో (నీలం, గోధుమ) ఒక తీగ సరిగ్గా తగలకపోతే లైటు వెలుగుతుంది, నెట్ వస్తుంది, కానీ స్పీడు వంద దగ్గర ఆగిపోతుంది, కస్టమర్ మాత్రం ప్లాన్ మోసం అని మనల్ని తిడతాడు. ఇలాంటిది చేత్తో పట్టుకుని చూసినవాడు జన్మలో మర్చిపోడు. పైగా చెడగొట్టి పెట్టే మనిషి ఇంట్లో ఉండడు. మనం పెట్టిన తప్పు మనకి తెలిసే ఉంటుంది కదా, వెతకడానికి ఏముంటుంది. ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి ఒకరి టోపాలజీని ఒకరు చెడగొట్టుకుంటే కొంత పని జరుగుతుంది.

కాబట్టి ఐఎస్‌పీలో, డేటా సెంటర్‌లో, నాక్‌లో (నెట్‌వర్క్‌ని కాపలా కాసే ఆఫీసులో) పనిచేద్దామనుకునేవాళ్లు చేరండి. సర్టిఫికెట్ కోసం అయితే ఆ డబ్బుతో సీసీఎన్ఏ రాసుకోండి. ఇప్పటికే ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి మొదటి సగం టైమ్ వేస్టు, నేరుగా రెండో సగంలో కూర్చోనిస్తారేమో అడిగి చూడండి, మా బ్యాచ్‌లో ఒకాయన్ని కూర్చోనిచ్చారు. ఏ యూనివర్సిటీ అయినా ఫీజు కట్టేముందు ల్యాబ్ చూపించమనండి. సామాను కొత్తదా పాతదా అని చూడకండి. సాయంత్రం ఐదు తర్వాత తాళం ఇస్తారా, ర్యాక్‌కి ఎంతమంది, యూపీఎస్ దేనికి పెట్టారు, ఈ మూడూ అడగండి. క్లాసు చెప్పే సార్ కన్సల్టెన్సీ అయినా, క్యాంపస్ నెట్‌వర్క్ అయినా, నిజం నెట్‌వర్క్ ఏదైనా నడుపుతున్నారా అని పాత బ్యాచ్‌వాళ్లని కనుక్కోండి. మా సార్ క్యాంపస్ నెట్‌వర్క్ చూసుకునేవారు, అందుకే ఆయన చెడగొట్టేవన్నీ అంత సహజంగా ఉండేవి. ఆయన ఇప్పుడు అక్కడ లేరని విన్నాను, కొత్త బ్యాచ్‌వాళ్లు ఎవరైనా ఉంటే ఆ టీ బ్రేక్ ఇంకా నడుస్తోందో లేదో కింద రాయండి.