జాగ్రత్త: స్నోబోర్డ్ మీది స్టిక్కర్ కింద ఏముందో చూసుకున్నాకే డబ్బు పంపండి

సెకండ్ హ్యాండ్‌లో స్నోబోర్డ్ (మంచు వాలు మీద నిలబడి జారే పలక) సెట్ కొనాలని చూస్తున్నవాళ్లు దయచేసి కాస్త ఓపిగ్గా ఇది చదవండి. నేను కొనిచ్చిన సెట్‌తో మంచు మీదికి వెళ్లిన మొదటి రోజే మా తమ్ముడి మణికట్టు ఎముక చిట్లింది. ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడు, కట్టు కూడా విప్పేశారు. కానీ ఆ సెట్‌లో ఉన్న లోపాలు ఒక్కొక్కటే బయటపడుతుంటే నాకు చాలా రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. అమ్మినవాళ్ల పేరు రాయడం నా ఉద్దేశం కాదు. ఇలాంటి సరుకు ఎవరి దగ్గరైనా ఉండొచ్చు. అందుకే నేను ఎక్కడెక్కడ పొరపాటు చేశానో, ఏవి చూసి ఉంటే ముందే తెలిసేదో రాస్తున్నాను.

తమ్ముడు రెండు సీజన్ల పాటు అద్దె బోర్డు మీద నేర్చుకున్నాడు. మలుపులు తిప్పడం బాగా వచ్చింది, సొంత బోర్డు ఉంటే బాగుండునని ఎప్పుడూ అంటుండేవాడు. పుట్టినరోజుకి వాడికి చెప్పకుండా కొనిద్దామని వెతుకుతుంటే ఒక ప్రకటన కనబడింది. బోర్డు, బైండింగ్స్ (బూట్లని బోర్డుకి బిగించి పట్టేవి), బూట్లు, హెల్మెట్ అన్నీ కలిపి ఒకే సెట్, ఒక్క సీజన్ మాత్రమే వాడారట. ఫొటోల్లో బోర్డు అద్దంలా మెరిసిపోతోంది. తోక వైపు రంగురంగుల స్టిక్కర్లు కూడా ఉన్నాయి. అవి చూసి ముచ్చటపడ్డానే తప్ప, సరిగ్గా అక్కడే ఎందుకు అంటించారని ఆలోచించలేదు.

అమ్మే మనిషి నన్ను రెండే ప్రశ్నలు అడిగాడు. మీ తమ్ముడి ఎత్తెంత, బూటు సైజెంత. చెప్పాను. 154 సెంటీమీటర్ల బోర్డు, నిలబెడితే గడ్డం దాటి వస్తుంది, కొలిచి చేసినట్టు సరిపోతుందన్నాడు. బరువెంతో అడగలేదు. చెప్పాలని నాకూ తెలియదు.

నిజానికి బోర్డు పొడవు ఎంచుకోవడంలో ముందు చూడాల్సింది బరువే. గడ్డం దాకా, ముక్కు దాకా అనే లెక్క పాతకాలపు ఉజ్జాయింపు మాత్రమే. బోర్డుకి మన ఎత్తు ఎలా తెలుస్తుంది? దాని మీద పడేది మన బరువు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరు 60 కిలోలు, ఇంకొకరు 90 కిలోలు ఉంటే ఇద్దరికీ ఒకే బోర్డు పనికిరాదు. అందుకే తయారీ కంపెనీలు ప్రతి మోడల్‌కీ, ప్రతి పొడవుకీ ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోల వరకు సరిపోతుందో పట్టికలో ఇస్తాయి. మా తమ్ముడు 82 కిలోలు. ఆ బోర్డు పట్టిక నేను తర్వాత వెతికి చూస్తే గరిష్ఠ బరువు 75 కిలోలని ఉంది. రెండు నిమిషాల పని. కొనే ముందు చేయాల్సింది, కట్టు కట్టించుకొచ్చాక చేశాను.

ఇక వాణ్ణి పడేసింది బోర్డు వెడల్పు. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే కొత్తగా కొనేవాళ్లలో చాలామంది దీన్ని పట్టించుకోరు. బోర్డు నడుము దగ్గర, అంటే మధ్యలో అన్నిటికంటే సన్నగా ఉండే చోట, వెడల్పు ఎంతో మిల్లీమీటర్లలో ఇస్తారు. దీన్నే వెయిస్ట్ విడ్త్ అంటారు. మాకు అంటగట్టిన బోర్డుది 248. మా వాడి పాదాలు ఎత్తుకి మించి పెద్దవి, 29.5 సెంటీమీటర్లు. పాదమే అంత ఉంటే బూటు అడుగు ఇంకా పొడుగుంటుంది కదా. బైండింగ్‌లో బూటు బిగించాక బోర్డు అంచు దాటి వేళ్ల వైపూ మడమ వైపూ దాదాపు 3 సెంటీమీటర్ల చొప్పున బయటికి వచ్చింది. కొద్దిగా బయటికి రావడం మామూలే. ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు ఉంటే ఇబ్బంది ఉండదు, పైగా అంచు మీద బరువు వేయడానికి అది అవసరం కూడా. అంతకు మించితే ప్రమాదం.

ఎలాగంటే, మలుపులో బోర్డుని ఒక పక్కకి వాలుస్తాం. అప్పుడు ఉక్కు అంచు మంచుని కోసుకుంటూ పోవాలి. బూటు ముందుకి పొడుచుకొచ్చి ఉంటే అంచు కంటే ముందు బూటు కొనే మంచుకి తగులుతుంది. తగలగానే అంచు పైకి లేచిపోతుంది, పట్టు తప్పుతుంది. తమ్ముడు పొద్దున్నుంచి మెల్లగా పోతున్నంతసేపు ఏమీ కాలేదు. మధ్యాహ్నం మంచు గట్టిపడి, వాలు కాస్త ఎక్కువగా ఉన్న చోట వేళ్ల వైపు మలుపు తీసుకున్నాడు. నేను కింద నిలబడి చూస్తున్నాను. బోర్డు వెనక నుంచి సన్నటి మంచు పొడి లేస్తోంది. ఉన్నట్టుండి బూటు ముందు నుంచి పెద్ద ముద్ద ఎగిరింది, మరుక్షణం వాడు రెండు చేతులూ ముందుకి చాచి బోర్లా పడ్డాడు. చేయి కదపలేక మోకాళ్ల మీద లేచి కూర్చుని, "అక్కా, ఏదో తగిలి ఆగిపోయిందే" అన్నాడు. తన తప్పేమో అనుకుని రెండు రోజులు అదే బాధ వాడికి. తప్పు వాడిది కాదు. అంత పాదం ఉన్నవాళ్లకి వైడ్ బోర్డులని వేరే ఉంటాయి, 260 మిల్లీమీటర్ల నడుముతోనో, అంతకంటే వెడల్పుగానో. బూటు సైజు అడిగి తెలుసుకుని కూడా సన్నటి బోర్డు పంపించాడు ఆ మనిషి.

ఇంకో మాట. నేర్చుకునేవాళ్లకి స్నోబోర్డింగ్‌లో ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకే. పడేటప్పుడు చేతులు పెట్టేస్తాం. రిస్ట్ గార్డులు వేసుకోండి, పిల్లలకైతే తప్పనిసరిగా వేయండి. మేము సెట్‌లో అన్నీ వచ్చాయనుకుని వాటి సంగతే మర్చిపోయాం.

చేయి చూపించుకున్నాక బోర్డుని, బోర్డులు బాగుచేసే ఒక ట్యూనింగ్ వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ బోర్డుని తిరగేసి, ఉక్కు స్కేలు అడ్డంగా పెట్టి వెలుతురు వైపు పట్టుకున్నాడు. బైండింగ్స్ కింద స్కేలుకీ, బోర్డు అడుగుభాగమైన బేస్‌కీ మధ్య సందులు, మధ్యలో చిన్న చిన్న బొడిపెలు. వేలితో తడిమితే తెలుస్తున్నాయి. స్క్రూలు విప్పించి పక్కపక్కన నిలబెడితే ఎనిమిదింటిలో మూడు మిగతా వాటికంటే పొడుగున్నాయి. ఎక్కడో దొరికినవి తెచ్చి బిగించారన్నమాట. పొడుగు స్క్రూ, బోర్డులో స్క్రూ దిగే లోహపు గుంట, అంటే ఇన్సర్ట్, అడుగుకి ఆనుకుని బేస్‌ని కిందికి తోస్తుంది. అదే పొట్టిదైతే మరలు రెండు మూడే పట్టి, గట్టిగా లాగినప్పుడు ఊడి వస్తుంది. రెండూ చెడ్డవే.

తర్వాత స్టిక్కర్ల దగ్గరికొచ్చాడు. అవి పైభాగం నుంచి పక్క అంచు మీదికి మడిచి అంటించి ఉన్నాయి. అలా ఎవరూ అంటించరు, వేడిగాలి పెట్టి తీద్దామా అని అడిగాడు. తీశాడు. కింద తలవెంట్రుకంత సన్నటి గీత, జానెడు పొడవు. జేబులోంచి ఒక విజిటింగ్ కార్డు తీసి ఆ గీతలో పెడితే సగం వేలు లోతు దిగింది. బోర్డుని కొంచెం వంచగానే అందులోంచి ఒక నీటిబొట్టు వచ్చి ఉక్కు అంచు మీద నిలబడింది. ఆ బొట్టు నాకింకా కళ్ల ముందే ఉంది.

స్నోబోర్డ్ అంటే ఒకే ముక్క కాదు. మధ్యలో చెక్క కోర్, దానికి పైనా కిందా ఫైబర్‌గ్లాస్ పొరలు, అడుగున పాలిథిలీన్ బేస్, చుట్టూ ఉక్కు అంచు, అన్నిటినీ రెజిన్‌తో అతికించి ప్రెస్‌లో వేడి చేసి నొక్కుతారు. ఆ పొరలు విడిపోవడాన్ని డీలామినేషన్ అంటారు. ఒకసారి సందు పడితే నీళ్లు లోపలికి పోతాయి, చెక్క ఉబ్బుతుంది, నీళ్లు గడ్డకట్టినప్పుడు సందు ఇంకా పెద్దదవుతుంది. మొదట్లోనే చూసుకుంటే ఎపాక్సీ జిగురు పోసి క్లాంప్‌లు బిగించి బాగుచేయొచ్చు. మా బోర్డులో గీత లోపల పసుపుపచ్చగా గట్టిపడిన పాత ఎపాక్సీ కనబడింది. అంటే ఇంతకు ముందే ఎవరో అతికించారు, మళ్లీ విడిపోయింది, పైన స్టిక్కర్ వేసి నాకు అమ్మారు. తెలియక జరిగిన పని కాదిది. ఫొటోల్లో ఆ మెరుపంతా అప్పటికప్పుడు పూసిన వ్యాక్స్, అంటే మైనం. పైన పటారం లోన లొటారం అంటారే, అచ్చం అదే.

బూట్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. అడుగు మడమ దగ్గర వేలితో నొక్కితే పొడి పొడిగా రాలింది. పాలీయురేథేన్ నురగతో చేసిన అడుగులు వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ గాలిలో తేమకే పాడవుతాయి. కాబట్టి "పెట్టెలోంచి తీయనేలేదు" అనే మాట పాత బూట్ల విషయంలో భరోసా కాదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది హెల్మెట్. ఇంటికొచ్చాక అనుమానంతో లోపలి మెత్తటి గుడ్డ లైనర్ ఊడదీసి చూశాను. అడుగున థర్మోకోల్ లాంటి ఈపీఎస్ నురగ ఉంటుంది. అందులో చెవి పైన అడ్డంగా ఒక పగులు, పక్కనే బొటనవేలంత సొట్ట. పైన ప్లాస్టిక్ డొప్ప మీద సరిగ్గా అక్కడ మళ్లీ ఒక స్టిక్కర్. ఈపీఎస్ నురగ నలిగిపోవడం ద్వారానే దెబ్బని తనలోకి తీసుకుంటుంది. నలిగినది మళ్లీ మామూలు స్థితికి రాదు. పెద్ద దెబ్బ ఒక్కసారి తగిలితే ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే. ఆ రోజు తమ్ముడి తల నేలకి తగల్లేదు. తగిలి ఉంటే అనే ఆలోచన వచ్చినప్పుడల్లా ఇప్పటికీ గుండె జారిపోతుంది. హెల్మెట్ మాత్రం ఎంత తెలిసినవాళ్లు ఇచ్చినా సెకండ్ హ్యాండ్‌లో తీసుకోకండి. కొత్తదే కొనండి. లోపల ఈఎన్ 1077 గానీ ఏఎస్‌టీఎం ఎఫ్2040 గానీ ముద్ర ఉండాలి, అవి మంచు ఆటల హెల్మెట్లకి సంబంధించిన ప్రమాణాలు. సైకిల్ హెల్మెట్‌తో సరిపెట్టుకోవద్దు.

అమ్మిన మనిషికి ఈ ఫొటోలన్నీ పంపాను. వాడిన వస్తువు వెనక్కి తీసుకోబోమని ముందే చెప్పాం, మీరు చెప్పిన ఎత్తుకి సరిపడే బోర్డే ఇచ్చాం అని జవాబొచ్చింది. హెల్మెట్ గురించి అడిగితే చదివి వదిలేశాడు. డబ్బు నేరుగా పంపేశాను కాబట్టి ఎక్కడా ఫిర్యాదు చేసే దారి లేకపోయింది. కొనేవాళ్లకి రక్షణ ఉండే చెల్లింపు పద్ధతిలోనే డబ్బు కట్టండి. అది వద్దు, నేరుగా పంపండి అని పట్టుబట్టేవాళ్ల దగ్గర అక్కడితో ఆపేయండి.

ఇప్పుడు మళ్లీ కొనాల్సి వస్తే నేనైతే ముందు బూట్లు కొంటాను, అవీ కొత్తవి, కాలికి వేసుకుని చూసి. వేళ్లు ముందు భాగానికి ఆనీ ఆననట్టు ఉండాలి, మోకాలు వంచి ముందుకి వాలినప్పుడు మడమ పైకి లేవకూడదు. బూటు లోపలి మెత్తటి లైనర్ వాడేకొద్దీ కాస్త వదులవుతుంది కాబట్టి మొదటి రోజే వదులుగా ఉంటే వద్దు. ఆ బూటు కొలతని బట్టి బోర్డు వెడల్పు, ఒంటి బరువుని బట్టి బోర్డు పొడవు. చివర్లో బైండింగ్స్. వాటి మధ్యలో ఉండే గుండ్రటి డిస్క్ రంధ్రాలు బోర్డు ఇన్సర్టులకి సరిపోతాయో లేదో అడగండి. చాలా బోర్డులకి 4x4, 2x4 (రంధ్రాల మధ్య దూరం సెంటీమీటర్లలో) అనే అమరిక ఉంటుంది, కొన్నిటికి పొడవాటి గాడి ఉంటుంది, దానికి తగిన డిస్కే కావాలి.

వాడిన బోర్డే కొనాల్సి వస్తే బైండింగ్స్ విప్పేసి ఫొటోలు తీయించండి. బేస్ మొత్తం, నాలుగు వైపులా పక్క అంచులు, ఇన్సర్టుల లోపలి మరలు. వ్యాక్స్ తుడిచిన బేస్ చూపించమనండి. స్టిక్కర్లుంటే వాటి కింద ఏముందని మొహమాటం లేకుండా అడగండి, కుదిరితే తీయమనండి. అరచేతులతో రెండు వైపులా నొక్కి చూస్తే విడిపోయిన చోట మెత్తగా, గుల్లగా తెలుస్తుంది. ఉక్కు అంచులో పగులుందా, చాలాసార్లు సాన పట్టి సన్నబడిపోయిందా చూడండి. బేస్ మీద గీతలుంటే కంగారు పడక్కర్లేదు, వాటిని కరిగించి పోసే ప్లాస్టిక్ అయిన పీటెక్స్‌తో పూడ్చొచ్చు. గీతలో చెక్క కనబడితే మాత్రం వదిలేయండి. "ప్రోలు వాడే బోర్డు" అనే మాటకీ పడిపోకండి. అవి చాలావరకు గట్టిగా ఉంటాయి, నేర్చుకునేవాళ్ల మాట వినవు. ఇవన్నీ అడిగితే అమ్మేవాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

తమ్ముడు మళ్లీ అద్దె బోర్డు మీదే వెళ్తున్నాడు, ఈసారి వైడ్ బోర్డు, చేతులకి గార్డులు. పాత బోర్డుని గోడకి తగిలించుకుంటామని ఒకరు, చౌకగా ఇచ్చేయమని ఇంకొకరు అడిగారు. ఎవరికీ ఇవ్వలేదు. వర్క్‌షాప్ మెకానిక్ దాన్ని తోక దగ్గర రంపంతో అడ్డంగా కోసి, లోపల నల్లబడిన చెక్కని వచ్చినవాళ్లకి చూపించడానికి అక్కడే పెట్టుకున్నాడు. హెల్మెట్‌ని ఎవరూ ఏరుకుని మళ్లీ తలకి పెట్టుకోకుండా, పట్టీలు రెండూ కత్తిరించి, డొప్ప మీద పెద్దక్షరాలతో "పగిలింది" అని రాసి చెత్తలో వేశాను.