బుస్సుమన్నంత మాత్రాన ఇన్హేలర్‌లో మందున్నట్టు కాదు, జాగ్రత్త!

తిరుపతిలో ఆస్తమా ఇన్హేలర్లు కొనేవాళ్లు ఒక్క రెండు నిమిషాలు ఆగి ఇది చదవండి. మొన్న భోగినాడు మా అమ్మకి ప్రాణం మీదికి వచ్చింది.

అమ్మకి ఏళ్ల తరబడి ఉబ్బసం. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ ఇన్హేలర్ ఎప్పుడూ దిండు పక్కనే ఉంటుంది. మేం మామూలుగా తీసుకునే దానికి వెనకవైపు చిన్న కిటికీలాంటిది ఉండి, ఇంకా ఎన్ని పఫ్‌లు మిగిలాయో అంకె కనిపించేది. జూలైలో వెళ్తే మా వీధి చివర మెడికల్ షాపతను "అది స్టాకు లేదక్కా, ఇదీ అదే మందు, కంపెనీయే వేరు" అని ఇంకోటి చేతిలో పెట్టాడు. మందు అదే, నిజమే. అంకె మాత్రం లేదు. మరి అయిపోతే ఎట్లా తెలుస్తుందని అడిగాను. "డబ్బా నీళ్లలో వేసి చూడండి. మునిగితే నిండుగా ఉన్నట్టు, తేలితే అయిపోయినట్టు" అన్నాడు. అంత ధీమాగా చెప్తే నమ్మక చస్తామా!

భోగి ముందురోజు సాయంత్రం, పొద్దున పొగ ఉంటుంది కదా అని నేనే ఆ డబ్బాని ప్లాస్టిక్ తొడుగులోంచి లాగి చెంబెడు నీళ్లలో వేశాను. సగం మునిగి నిలువుగా నిలబడింది. సగం ఉందిలే అనుకుని కొంగుతో తుడిచి పెట్టేశాను.

తెల్లవారుజామున వీధిలో మంట వేశారు. పాత తడికెలు, చీపుర్లతో పాటు ఎవరో సైకిల్ టైరు కూడా పడేశారు. (ఆ టైర్లు ఎందుకు వేస్తారో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి.) తలుపులన్నీ మూసినా పొగ లోపలికి వచ్చేసింది. అమ్మకి పిల్లికూతలు మొదలయ్యాయి. ఒక పఫ్ ఇచ్చాను, ఇంకోటి ఇచ్చాను. బుస్సుమని బాగానే వస్తోంది. మందు పడింది కదా, తగ్గుతుందిలే అని వీపు నిమురుతూ కూర్చోవడంలోనే పావుగంట పోయింది. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి లాగుతుంటే అప్పుడు భయం వేసి 108కి ఫోన్ చేశాం. ఆక్సిజన్, నెబులైజర్ పెట్టాక తొమ్మిదింటికి కుదుటపడింది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ డబ్బా మీద సన్న అక్షరాలు చూపించింది: 200 డోసులు. "ఇప్పటిదాకా ఎన్ని వాడారు?" అంది. నాకు నోట మాట లేదు. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి రెండేసి పఫ్‌లు, చలి మొదలయ్యాక దాదాపు రోజూ. వేళ్ల మీద లెక్కేస్తే 200 ఎప్పుడో దాటేసింది. రోజూ వాడాల్సి వస్తోందంటే జబ్బు అదుపు తప్పిందని అర్థం, డిసెంబరులోనే రావాల్సింది కదా అని చీవాట్లు కూడా పెట్టింది.

ఆవిడ చెప్పిందేంటంటే, డబ్బాలో మందుతో పాటు దాన్ని బయటికి తోసే గ్యాస్ ఉంటుంది. రాసిన డోసులు అయిపోయాక కూడా ఆ గ్యాస్ కొంత మిగిలి బుస్సుమంటూనే ఉంటుంది. అందులో మందు సరిగ్గా వస్తుందన్న గ్యారంటీ లేదు. ఊపి చూసినా తెలీదు. నీళ్ల పరీక్ష అసలు నమ్మేది కాదు, పైగా నీళ్లు మూతిలోకి పోతే డబ్బాయే పాడైపోవచ్చు.

అందుకని, అంకె కనిపించేదే అడగండి. ఒక షాపులో లేకపోతే ఇంకో రెండు షాపులు తిరగండి. డబ్బులిచ్చే ముందే పెట్టె తెరిచి అంకె చూసుకోండి. పెట్టె మీద రాసిన డోసుల కన్నా తక్కువ చూపిస్తే తీసుకోవద్దు. కొన్ని రకాల్లో అంకె ఒక్కొక్కటిగా తగ్గదు, పదేసి మారుతుంది, కంగారుపడకండి. అంకె లేనిదే గతి అయితే తెరిచిన తేదీ డబ్బా మీద మార్కర్‌తో రాయండి. ఆయాసం రాకుండా ముందుజాగ్రత్తగా పూటకి రెండు పఫ్‌ల చొప్పున రోజూ రెండు పూటలా వాడే 120 డోసుల ఇన్హేలరైతే సరిగ్గా 30 రోజులొస్తుంది, దానికి తేదీ చాలు. ఆయాసానికి వాడేదానికి అట్లా కుదరదు. పఫ్‌కి ఒక గీత చొప్పున క్యాలెండర్ మీద గీయాల్సిందే, కొత్తది తెరిచి గాల్లోకి కొట్టి చూసినవాటితో సహా.

పండగ వెళ్లాక ఆ షాపుకి వెళ్లి అడిగాను. "అందరికీ అదే చెప్తున్నాం కదక్కా, ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదే" అన్నాడు.