కృష్ణజింక, నల్లజింక, ఇర్రి, లేడి, దుప్పి: మన లంకల్లో తిరిగేదాన్ని ఏ పేరుతో పిలిస్తే మేలు?

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. నది మధ్య దిబ్బలైన లంకల్లో ఇళ్లున్నవాళ్లు ఈ అంకెలు చూసుకుని సామాను సర్దుకుంటారు. ఆ చుట్టుపక్కల లంకల రెల్లుగడ్డిలో మేసే జంతువులకు మాత్రం నీళ్లు కాళ్లకు తగిలినప్పుడే హెచ్చరిక. అప్పుడు మెరకకు పరుగెత్తుతాయి, లేదా ఈదుకుంటూ ఏటిగట్టు చేరతాయి. గట్టు మీద వాటిని చూసి ఒకరు జింక అంటారు, ఇంకొకరు దుప్పి అంటారు, పెద్దవాళ్లు లేడి అంటారు. నోటిమాటకు ఏదైనా సరిపోతుంది గానీ, అటవీశాఖకు ఫోన్ చేసేటప్పుడు, రేవు దగ్గర బోర్డు రాయించేటప్పుడు, బడిలో పిల్లలకు చెప్పేటప్పుడు పేరు తేడా పని తేడా అవుతుంది.

ముందు తేల్చుకోవలసింది దుప్పి సంగతి, ఎక్కువ తప్పు జరిగేది అక్కడే. దుప్పి కొమ్ము ఎముక. కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది, ఏటేటా రాలిపోయి మళ్లీ మొలుస్తుంది, పెరిగేటప్పుడు పైన మఖమల్ లాంటి చర్మం ఉంటుంది. మన లంకల్లోని జంతువు కొమ్ము అలాంటిది కాదు. లోపల ఎముక దిమ్మ, దాని మీద గోరు లాంటి పదార్థంతో తొడుగు, ఆవుకూ మేకకూ ఉన్నట్టే. ఎక్కడా చీలదు, జన్మలో రాలదు. మొదటి నుంచి దాదాపు చివరి దాకా ఉంగరాలు తొడిగినట్టు కణుపులుంటాయి, మర తిప్పినట్టు మెలికలు పడుతుంది. పొడవు 35 నుంచి 75 సెంటీమీటర్లు. అంటే ఇది దుప్పి జాతి కానే కాదు, ఆవు, మేకల కుటుంబానికి చెందినది. కొమ్ములు లేని ఆడదాన్ని చూసినప్పుడు ఒంటి మీద చుక్కలు వెతకండి. చుక్కల దుప్పికి పుట్టింది మొదలు చచ్చేదాకా తెల్లచుక్కలు పోవు. దీనికి పిల్లప్పుడు కూడా చుక్కలుండవు. కంటి చుట్టూ సున్నం రాసినట్టు తెల్లటి వలయం, పొట్ట కింద తెలుపు, అంతే. కాబట్టి దుప్పి అనే మాట ఇక్కడ పూర్తిగా తప్పు.

జింక అన్న మాట తప్పు కాదు, కానీ చాలదు. తెలుగులో జింక రెండు కుటుంబాలనూ కప్పేస్తుంది. దీనికి మంచి రుజువు మన రెండు రాష్ట్రాలే. తెలంగాణ రాష్ట్ర జంతువు జింక, అక్కడ ఆ మాటకు అర్థం చుక్కల దుప్పి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, అది దుప్పి కాదు. ‘ఏటిగట్టు మీద జింక ఉంది’ అని చెబితే అవతలి మనిషి మనసులో చుక్కలదే మెదిలితే అది ఆయన తప్పు కాదు.

ఇక పోటీ కృష్ణజింకకూ నల్లజింకకూ. వినడానికి నల్లజింకే అచ్చ తెలుగు, పిల్లలకు చప్పున అర్థమవుతుంది. దాని లోపం కంటికి కనిపిస్తుంది: మందలో చాలావరకు నల్లవి ఉండవు. ఆడవి, పిల్లలు లేత గోధుమ రంగు. మగవి కూడా పుట్టుకతో నల్లవి కావు, రెండు మూడేళ్ల వయసులో నలుపు తిరుగుతాయి. జతకట్టే కాలం దాటాక ఆ నలుపు వెలిసి మళ్లీ గోధుమలోకి దిగుతుంది. దక్షిణాదిలో చాలా మగవాటికి మిసమిసలాడే నలుపు రానేరాదు, ముదురు గోధుమ దగ్గరే ఆగుతుంది. బోర్డు మీద నల్లజింక అని రాస్తే చదివినవాడు నల్లదాన్ని వెతుకుతాడు. గోధుమరంగు లేడి ఎదురైతే ‘ఇది వేరే జింకలే’ అనుకుంటాడు. కుక్కను వదిలేది, తరిమేది ఆ అపోహతోనే.

కృష్ణజింకలోనూ కృష్ణ అంటే నలుపే కదా అని అడగవచ్చు. నిజమే. తేడా ఏమిటంటే, కృష్ణజింక అనేసరికి మనకు రంగు తట్టదు, పేరు తడుతుంది, కృష్ణానది అంటే నల్లటి నీళ్లు గుర్తుకు రానట్టే. పైగా వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లోని, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోని, ఈ జంతువును ప్రభుత్వ పత్రాల్లోనూ పత్రికల్లోనూ ఈ పేరుతోనే రాస్తారు. వ్యాకరణం తెలిసినవారికి మాత్రం ఒక అభ్యంతరం ఉంటుంది: సంస్కృత విశేషణానికి తెలుగు నామం అతికించడం వైరిసమాసం అని. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ వాడుక ఎప్పుడో దాటి వెళ్లిపోయిన రేవు అది. ఇప్పుడు కృష్ణజింకను దిద్దడానికి పూనుకుంటే పేరు బాగుపడదు, జంతువు గుర్తు తప్పుతుంది.

దిద్దితే వచ్చే మాట కృష్ణసారం. అర్థం చూస్తే అన్నిటికన్నా కచ్చితమైనది అదే. సార అన్నచోట రంగులు కలగలిసినది అనే భావం ఉంది, నలుపు తెలుపు కలిసిన ఒళ్లు గలది అని. మగదాన్ని పక్కనుంచి చూస్తే వీపు, పక్కలు నలుపు, పొట్ట, గడ్డం, కంటి చుట్టూ తెలుపు, రెంటికీ మధ్య గీత గీసినట్టుంటుంది. కృష్ణసారం సహజంగా తిరిగే నేలే యజ్ఞానికి తగినదని మనుస్మృతి రెండో అధ్యాయం చెబుతుంది. ఉపనయనంలో వినే కృష్ణాజినం కూడా దీని చర్మమే. అయినా రేవు బోర్డుకు ఈ మాట పనికిరాదు, పద్యానికీ వ్యాసానికీ ఉంచుకోవాలి. మృగం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. సంస్కృతంలో అది జింక కూడా, మృగశిర కార్తెలో మిగిలింది ఆ అర్థమే. తెలుగులో మృగం అంటే క్రూరజంతువు. సంస్కృతం చూసి అనువదించేవాళ్లు ఇక్కడ తరచు జారిపడతారు.

మనసుకు దగ్గరైన జంట ఇర్రి, లేడి. ఇర్రి మగది, లేడి ఆడది. పాత పుస్తకాల్లో ఇఱ్ఱి అని బండి ఱతో కనిపిస్తుంది. తమిళంలో ఇరలై, కన్నడంలో ఎరళె ఈ కుదురులోవే. కోడెకూ ఆవుకూ, పోతుకూ మేకకూ వేర్వేరు పేర్లున్నట్టు ఈ జంతువుకూ మన భాష వేర్వేరు పేర్లు పెట్టిందంటే, పెట్టినవాళ్లు దాన్ని దగ్గరి నుంచి చూశారన్నమాట. ఇక్కడ మగదీ ఆడదీ నిజంగానే రెండు జంతువుల్లా కనిపిస్తాయి. కొమ్ము, రంగు ఒక్క చూపులో వేరు, బరువులోనూ తేడా. రెండు మాటలుంటే ‘మగ కృష్ణజింక’, ‘ఆడ కృష్ణజింక’ అని సాగదీయనక్కర్లేదు. చిక్కల్లా ఇర్రి చాలామందికి తెలియకుండా పోవడం. లేడి బతికింది గానీ అర్థం జారింది, సన్నగా ఉండి పరుగెత్తే జింక ఏదైనా లేడే అయిపోయింది. ‘లేడికి లేచిందే పరుగు’ అనేటప్పుడు ఆడదా మగదా అని ఎవరూ ఆలోచించరు. అందుకే ఒంటరిగా వాడితే ఈ మాటలు గందరగోళం, కృష్ణజింక పక్కన పెడితే బంగారం.

శాస్త్రనామం యాంటిలోప్ సెర్వికాప్రా బోర్డుకు అక్కర్లేదు, బడికి కావాలి. సెర్వస్ అంటే దుప్పి, కాప్రా అంటే మేక. దుప్పిలా కనిపించే మేక అని 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన సెర్వికాప్రా అన్న మాట మనం పైన కొమ్ము చూసి తేల్చుకున్న సంగతినే చెబుతుంది. యాంటిలోప్ అన్న ప్రజాతిలో ఇప్పుడు మిగిలినది ఈ ఒక్క జంతువే.

ఇక పనికొచ్చే వాడుక. రేవు దగ్గర బోర్డుకు ఈ మాటలు చాలు:

‘ఈ లంకలో కృష్ణజింకలు ఉన్నాయి. మగది ఇర్రి: ముదురు రంగు, మెలికల కొమ్ములు. ఆడది లేడి: గోధుమ రంగు, కొమ్ములు ఉండవు. రెండూ కృష్ణజింకలే. తరమకండి, కుక్కలను వదలకండి.’

రాసే పెయింటరుకు రెండుచోట్ల చెప్పాలి. ‘కృ’ను ‘క్రి’ అని రాసేస్తారు. ‘ష్ణ’ కింద ణవత్తు వేయాల్సినచోట టవత్తు పడి ‘కృష్ట’ అవుతుంది. అక్షరం చిన్నదైతే వత్తులో రంగు నిండి ముద్దవుతుంది. పడవలోంచి చదవాలి కాబట్టి అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లకు తగ్గనివ్వకండి, వరుసల మధ్య వత్తులకు చోటు వదలండి. తెల్లరంగు మీద నల్ల అక్షరాలైతే సాయంత్రం మసకలోనూ ఆనుతాయి.

వరదలో ఫోన్ చేసేటప్పుడు జింక అని ఆపకండి. ‘ఫలానా లంక, రేవుకు ఇంత దూరంలో, ఏటిగట్టు లోపలి వాలు మీద కృష్ణజింకలు, ఒక ఇర్రి, రెండు లేళ్లు, ఒక పిల్ల, ఒకటి కుంటుతోంది’ అంటే వచ్చేవాళ్లు వల, పడవ, పశువైద్యుడు దేనికి దేన్ని తేవాలో సర్దుకుంటారు. ఇర్రి ఉందని ముందే తెలిస్తే కొమ్ముల నుంచి కాచుకుంటారు కూడా.

వాళ్లు వచ్చేలోపు చేయాల్సింది దూరంగా నిలబడి కుక్కలను ఆపడమే. జనం చుట్టుముట్టి తరిమి పట్టుకున్నది అప్పటికి బతికే ఉన్నా, భయానికీ పరుగుకూ కండరాలు దెబ్బతిని గంటల్లోనో రెండు మూడు రోజులకో చనిపోవచ్చు. నీళ్లలోంచి పైకి తీయక తప్పని పరిస్థితి వస్తే కళ్లకు మెత్తటి గుడ్డ కప్పండి, మాట్లాడకండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వరద లేని రోజుల్లో రెల్లుపొదలో కదలకుండా పడుకున్న పిల్ల కనిపిస్తే అది అనాథ అనుకుని ఇంటికి తేవద్దు. మొదటి రోజుల్లో లేడి పిల్లను అలా దాచి మేతకు వెళ్లడం మామూలే. మనిషి అక్కడే ఉంటే అది దగ్గరికి రాదు, మీరు వెనక్కి తగ్గితే వచ్చి పాలిస్తుంది.